పదమూడు సంతకాలు

దసరా సెలవులు ఇచ్చిన సాయంత్రమే మా మనవరాలి బడి నుంచి జాబితా వచ్చింది. మూడో తరగతి పిల్ల, చదివింది మరిచిపోకుండా సెలవుల్లో రోజుకో పని చేయాలట, ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని చూసి, చూశామని ఒప్పుకుంటూ ఫోనులో పంపాలట. మర్నాడు బేగంపేటలో ఆఫీసుకు పోయే హడావిడిలో మా అమ్మాయి, "నువ్వు టీచర్‌వి కదమ్మా, జెర నువ్వే చూస్కో" అని ఆ జాబితా నాకు పంపి వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లకు పైగా చిన్నపిల్లలకు చదువు చెప్పినదాన్ని, ఇదెంత పని అనుకోవాలి. కానీ పెద్దవాళ్ల ఒప్పుకోలు అన్న ముక్క దగ్గర నా మనసు కలుక్కుమంది.

అప్పటికి ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు. పద్మారావు నగర్‌లో ఓ చిన్న బడి, నాది మూడో తరగతి. మీలో పంతులు పని చేసినవాళ్లకు తెలిసే ఉంటుంది, దసరా సెలవుల తరవాత పిల్లలు ఎక్కాలన్నీ బతుకమ్మతో పాటు నీళ్లలో వదిలేసి వస్తారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ ఏడు నేను ఎవరూ అడక్కుండానే ఒక పద్ధతి పెట్టాను. పదమూడు రోజుల సెలవులకు పదమూడు పేజీలు, ఒక్కో పేజీ కింద ఏ రోజుకారోజు తల్లిదో తండ్రిదో సంతకం. ఆఖరి రోజు అన్నీ కలిపి గిలికేస్తారని నాకు తెలుసు కనక, సంతకం ఉంటే పిల్లలు రోజూ కూర్చుంటారని నా తెలివి.

బడి తెరిచాక నోటుబుక్కులు దిద్దుతుంటే ఒక పిల్ల పుస్తకం దగ్గర ఆగిపోయాను. మా బడి సందు మొదట్లో ఇస్త్రీ బండి నడిపే ఆమె కూతురు, లెక్కల్లో చురుకు, నోట్లో నాలుక లేని పిల్ల. పదమూడు పేజీలూ పూర్తిచేసింది. కింద తల్లి పేరు, పెన్సిల్‌తో. మొదటి రోజు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి, నాలుగో రోజు కాస్త నిలబడ్డాయి, ఆఖరి రోజుకు గీత మీదే కూర్చున్నాయి. తలకట్టు మాత్రం అన్నింట్లోనూ ఆ పిల్ల పెట్టినట్టే బారుగా, తోకలా ఉంది. ఇంకేం కావాలి, దొంగ దొరికిందనుకున్నాను.

పిల్లను నిలబెట్టి అడిగితే, మా అమ్మనే పెట్టింది టీచర్ అని ఒక్కమాట అని తల దించుకుంది. నేను ఊరుకున్నానా? బడిలో చేర్చినప్పటి రిజిస్టరు తెప్పించి, తల్లి పేరుకెదురుగా ఉన్న వేలిముద్రను తరగతికంతా చూపించాను. జూన్‌లో వేలిముద్ర వేసిన మనిషి దసరాకల్లా సంతకం ఎట్లా చేస్తుందని అడిగాను. పిల్లలు గొల్లుమన్నారు. పదమూడు సంతకాల మీదా ఎర్ర సిరాతో అడ్డగీతలు కొట్టి, తల్లిని తీసుకురమ్మన్నాను.

మర్నాడు ఆమె బొగ్గు మసి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఏమీ అడక్కుండా పిల్లలందరి ముందూ పెన్ను చేతికిచ్చి పేరు రాయమన్నాను. రెండు అక్షరాలు గీసింది, మూడోది రాలేదు. "ఇంటికాడ నా బిడ్డ పక్కకుంటె వస్తది టీచరమ్మా, గీడ చెయ్యి ఒణుకుతున్నది" అంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా, సిరా డబ్బీ ముందుకు జరిపాను. ఆమె బొటనవేలు ముంచి, ఆ రెండు అక్షరాల పక్కనే వేసి వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

వారం తరవాత ఇస్త్రీ చీరల కోసం బండి దగ్గరికి నేనే వెళ్లాల్సి వచ్చింది. బండి వెనక ప్రహరీగోడ మీద, మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా, బొగ్గుతో ఆమె పేరే. పైన పిల్ల రాసిన పేరు, దాని కింద తల్లి దిద్దిన వరసలు, వంకరటింకరగా మొదలై కిందికి వచ్చేకొద్దీ తిన్నగా. ఆ వరసలన్నీ పై నుంచి కిందిదాకా చదివాను. సెలవుల్లో పిల్లలు చదువు మరిచిపోకూడదని నేనింత హైరానా పడితే, ఆ పిల్ల ఏకంగా ఒక తల్లికి చదువు చెప్పింది. గురువు రాతే శిష్యురాలికి వస్తుందన్న మాట టీచర్‌నైన నాకే తట్టలేదు.

క్షమించమని అడుగుదామని నోరు తెరిచేలోగా నా చూపు ఎటు ఉందో ఆమె చూసింది. గబుక్కున తడిగుడ్డ తీసుకుని గోడ తుడిచేస్తూ, "తప్పైంది టీచరమ్మా, పోరినేమనకుండ్రి. ఇంక రాయను" అంది. వద్దమ్మా, తుడవొద్దు అన్నాను. అప్పటికే గోడంతా నల్లటి నీళ్లు కారుతున్నాయి.

ఆ తరవాత తరగతిలో పిల్లలందరి ముందూ ఆ అమ్మాయికి తప్పు ఒప్పుకున్నాను, నోటుబుక్కు కొత్తది కొనిచ్చాను, తల్లికి చేయి పట్టి నేర్పుతానని రెండుసార్లు కబురు పెట్టాను. ఆమె రాలేదు. మార్చిలో ప్రోగ్రెస్ కార్డు తిరిగి వచ్చినప్పుడు సంతకం చోట మళ్లీ వేలిముద్రే ఉంది.

ఆ సందులో ఇప్పుడు గోడలన్నీ అపార్టుమెంట్లవి, బొగ్గు ఇస్త్రీ పోయి కరెంటుది వచ్చింది, పిల్లల తల్లులంతా చదువుకున్నవాళ్లే, బడివాళ్లే వాళ్లకు భయపడుతున్నారు. మంచిదే, మన కాలంలా ఉండాలని నేననను. కానీ నా దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాళ్లు ఎందరని ఎవరైనా లెక్క వేయబోతే, వచ్చిన అక్షరాలను నా వల్ల వదిలేసుకున్న మనిషి ఒకరున్నారని ముందు చెప్పాలనిపిస్తుంది.