మా మామ గెలుస్తాడని తేల్చిన కాగితం

రెండు వేల నాలుగు వేసవిలో టీవీ సర్వేలన్నీ బోర్లా పడ్డాయి. గెలుస్తారన్నవాళ్ళు ఓడారు, ఓడతారన్నవాళ్ళు ప్రమాణ స్వీకారం చేశారు. ఆ వారమంతా సూరత్‌లోని మా బ్యాంకులో టీ తాగే వేళ నాది ఒకటే పాట. శాస్త్రం తప్పు కాదు, చేసినవాళ్ళకు శాస్త్రం రాదు అని. నాకు వచ్చునన్నమాట. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు. అందులో గట్టెక్కానన్నది నిజం, ఎలా గట్టెక్కానన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఆ ఏడాది చివర్లోనే మా తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. అమెరికా అధ్యక్షుడంతటి వాడికి కూడా రెండుసార్లకు మించి కుర్చీ ఇవ్వరు. మా సంఘం అధ్యక్షుడికి అలాంటి బాధలేమీ లేవు. ఆయనకు సలాబత్‌పురాలో చీరల దుకాణం ఉంది, అందరూ సేఠ్ అంటారు. ఎన్నిసార్లు ఎన్నికయ్యాడో ఆయనకే గుర్తు లేదు. ఎదురు నిలబడేవాడు ఉంటే కదా లెక్కపెట్టుకోవడానికి. ఆయన హయాంలో సంఘానికి పాలరాయి పరిచిన హాలు కట్టారు, దానికి ఇంత పెద్ద తాళం కూడా వేశారు. పెళ్ళిళ్ళకు తీస్తారు, దండలు వేసుకోవడానికి తీస్తారు, మళ్ళీ వేస్తారు.

ఈసారి ఎదురు నిలబడినవాడు మా మామ. మా అమ్మ తమ్ముడు. పాండేసరాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో మాస్టరు, అంటే మగ్గం మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చేవాడు. అక్కడ పాలీ అంటే పన్నెండు గంటల షిఫ్టు. రెండు పాలీలు, పాలీకొక మాస్టరు. ఒక వారం పగలు చేసినవాళ్ళు మరుసటి వారం రాత్రి చేస్తారు. వడోద్‌లో వాళ్ళుండే గదులూ అలాగే నడుస్తాయి. ఒక పాలీ లేచి వెళ్ళిన చాప మీద రెండో పాలీ వచ్చి పడుకుంటుంది. ఆదివారం మాత్రం కార్ఖానాకు సెలవు. రెండు పాలీలూ గదిలోనే. ఆ పొద్దున్నే రాత్రి పని దిగివచ్చినవాడికి కాలు చాపే జాగా ఉండదు. కొందరు మెట్ల మీద కూర్చునే కునుకు తీస్తారు.

మామ పాలీలో ఒకడు అలా నిద్రలేక మగ్గం ముందు కునికి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. మామ సేఠ్ దగ్గరకు వెళ్ళి, పనివాళ్ళు పడుకోవడానికి పగటిపూట హాలు తెరవమని అడిగాడు. పాలరాయి పాడవుతుందన్నాడు సేఠ్. మామ తిరిగొచ్చి నామినేషన్ వేశాడు. ఆయన ప్రణాళికంతా ఒకటే ముక్క, హాలు తాళం తీయడం.

మేనమామ నిలబడితే చదువుకున్న మేనల్లుడు ఊరుకుంటాడా? సర్వే చేస్తానన్నాను. ఒక వారమంతా సాయంత్రం బ్యాంకు నుంచి నేరుగా కార్ఖానా గేటు ముందున్న టీ బండి దగ్గరకు వెళ్ళి, ఏడింటికి పని దిగివచ్చేవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను. చెవుల్లో ఇంకా మగ్గాల మోతే ఉండేదేమో, అరిచి చెప్పేవాళ్ళు. పదిమందిని అడిగితే తొమ్మిదిమంది మామ పేరే. గీతలు కొట్టి, గడులు గీసి, కాగితం తయారుచేశాను. ఎందుకైనా మంచిదని పదికి ఏడుకు తగ్గించాను. శాస్త్రజ్ఞుడికి అణకువ అవసరం కదా.

ఆ కాగితం మొదట చదివింది మెస్‌లో. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఆ మెస్ నడిపేది. పాలీవాళ్ళంతా ఆమె దగ్గరే తింటారు. ఆమె పప్పు వడ్డిస్తూ వింది.

"టీవీలోళ్ళే బొక్కబోర్లా పడ్డరు. నీ సర్వే ఏంది తమ్మీ?"

"అన్నం ఉడికిందో లేదో సూడనీకి కుండంతా తింటమా అక్కా? ఒక్క మెతుకు పట్టి సూస్తే సాలదా?"

"సాలుతది. గని మెతుకు పట్టేముందు కలుపుతం. పైన ఉడికి అడుగున పలుకుంటది. నువ్వు కలిపినవా? ఏ పాలీల అడిగినవ్?"

తింటున్నవాళ్ళంతా నవ్వారు. నేను కూడా నవ్వాను, పాపం ఆమెకు శాంపిల్ అంటే ఏం తెలుసని. ఒక మాస్టారు యూనివర్సిటీలో మూడు నెలలు చెప్పినా నా తలకెక్కని పాఠాన్ని ఆమె గరిటె పట్టుకుని మూడు మాటల్లో చెప్పిందని అప్పుడు తెలియలేదు. పప్పు మాత్రం మళ్ళీ వేయించుకున్నాను.

నా కాగితం సంగతి సలాబత్‌పురా దాకా పాకింది. నాలుగు రోజులకు సంఘం నుంచి ప్రకటన. ఎన్నికల ఆదివారం హాలులో పెళ్ళి ఉందట, పోలింగు ఒక వారం వాయిదా వేశారు. "భయపడిండు మామా," అన్నాను నేను. మామ గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు.

"అల్లుడా, గా ఐతారమంటే మన పాలీ రాత్రి దిగి అస్తది గదా?"

"మామా, జనాభిప్రాయం పాలీని బట్టి మారదు," అన్నాను. ఇరవై ఏళ్ళు మగ్గాల మధ్య బతికినవాడికి పాలీ గురించి నేను చెప్పాను. ఇప్పటికీ ఆ వాక్యం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఆ వారంలోనే సేఠ్ స్వయంగా మామ గదికి వచ్చాడు. నా సర్వేని నమ్మినవాళ్ళలో నేను, మామ కాక మూడోవాడు ఆయనే అనుకుంటాను. కుర్చీ లేదు, బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు.

"తమ్మీ, మనల మనకు పోటీ ఎందుకు? నువ్వు పేరు వాపసు తీస్కో. హాలు ఎనక గది ఉన్నది సూడు, అది పొద్దుగాల నుంచి పొద్దుగూకే దాక నీ పనోళ్ళకు ఇడిసిపెడుత. తాళం చెయ్యి ఇప్పుడే ఇస్త."

జేబులోంచి తీసి చాపాడు కూడా. మామ తాళంచెవి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. గది చిన్నదే, అయినా ఇరవై మంది కాళ్ళు చాపుకోవచ్చు. నేను కాగితం మడత విప్పాను. పదికి ఏడు. హాలంతా వస్తుంటే గది ఎందుకు?

"వద్దు మామా. గెలుస్తున్నం," అన్నాను.

"పిలగాడు సదువుకున్నోడు," అన్నాడు మామ సేఠ్‌తో, క్షమించమన్నట్టు. సేఠ్ తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

ఆదివారం పది నుంచి నాలుగింటి వరకు పోలింగు, ఆ పాలరాయి హాలులోనే. సేఠ్ ఏర్పాట్లు తక్కువేం కాదు. బయట షామియానా, బిర్యానీ దేగిసాలు. రెండో పాలీ మాస్టరు సేఠ్ తోడల్లుడు. రాత్రంతా హాయిగా నిద్రపోయి తలస్నానాలు చేసిన తన పాలీవాళ్ళను టెంపోల్లో దింపాడు. వాళ్ళలో ఒక్కరిని కూడా నేను అడిగి ఉండలేదు. నేను టీ బండి దగ్గర నిలబడ్డ వారం వాళ్ళు రాత్రి పనిలో ఉన్నారు.

మామ కూడా రాత్రి పని దిగి నేరుగా వచ్చాడు. ఎర్రటి కళ్ళతో తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. ఒంటిగంట దాటింది. మా పాలీ నుంచి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అప్పుడు భయం వేసింది నాకు. సైకిలెక్కి వడోద్ పరుగెత్తాను. వెనకాలే ఆటోలో మామ వచ్చాడు.

మామ పాలీవాళ్ళ గది తలుపు తోశాను. నా కాగితం మీది గీతలన్నీ అక్కడ చాపల మీద ఉన్నాయి. రెండో పాలీ బిర్యానీకి పోవడంతో ఆదివారం గది మొదటిసారి వాళ్ళకే మిగిలింది. గురకలు పెడుతూ, నోళ్ళు తెరుచుకుని, వెల్లకిలా పడుకున్నారు. నేను దగ్గరున్నవాడి భుజం పట్టి కుదిపాను. కళ్ళు తెరవలేదు.

"మామకే... మామకే ఏస్త అన్న గదనే," అని అటు తిరిగాడు.

రెండోవాడి మీదకు వంగేసరికి మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"లేపకు."

"మామా, ఇంక రెండు గంటలే ఉన్నది. వీళ్ళు రాకుంటే ఓడిపోతం."

"వీళ్ళు పండుకోవాల్ననే గద నేను నిలవడ్డది. సూడు, కాళ్ళు సాపుకున్నరు."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేశాడు. ఆయనా నిన్నటి నుంచి నిద్రపోలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు.

ఓడిపోయాం. ఎంత తేడాతో అన్నది చెప్పను, అంకెలు చెప్పే అర్హత నాకిప్పుడు లేదు. మరుసటి ఆదివారం మామ నన్ను తీసుకుని సలాబత్‌పురా వెళ్ళాడు. సేఠ్ చల్లటి మజ్జిగ ఇప్పించాడు. ఆ వెనక గదైనా ఇప్పించమని మామ అడిగాడు.

"ఇస్తుంటినే తమ్మీ," అన్నాడు సేఠ్ ఎంతో నొచ్చుకుంటూ. "గని జనం వద్దన్నరు గద. జనం మాట నేనెట్ల కాదంట?"

దుకాణం మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదేనని చెప్పాను. మెస్ అక్క అడిగినప్పుడే నోరు మూసుకుని వినాల్సిందన్నాను.

"ఊకో అల్లుడా. నీ లెక్క నిజమే. వాళ్ళందరు నా దిక్కే ఉండె," అన్నాడు మామ.

తర్వాత టైము చూసుకుని, కార్ఖానాలో కొంచెం పనుందని బస్సు కోసం గబగబా నడిచాడు. మా వాళ్ళకు మళ్ళీ రాత్రి వారం మొదలయ్యేది ఆ మర్నాడే. మామ ఆ ఆదివారం మధ్యాహ్నమే కార్ఖానాకు వెళ్ళి, మగ్గాల వెనక నూలు సంచులు జరిపి, రాత్రి పని దిగినవాళ్ళు నలుగురు పడుకునేంత చోటు చేశాడు.