తవిటయ్య మాస్టారు స్థలదాత కారు

ఆదివారం మధ్యాహ్నం. బడులు తెరవడానికి ఇంకో వారం ఉంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా ఊరి బడికి కొత్త శిలాఫలకం చేయిస్తున్నారు. 'స్థలదాత శ్రీ తవిటయ్య గారి ప్రాథమిక పాఠశాల' అని రాయిస్తారట. బుధవారం చెక్కడం మొదలుపెడతారు. తవిటయ్య మాస్టారు స్థలదాత కారు. ఆయనకు సెంటు భూమి లేదు. ఈ మాట బడి కమిటీ పనులు చూసే గణేష్‌కు ఫోనులో రెండుసార్లు చెప్పాను.

"పేరెట్టారంటే స్థలమిచ్చినట్టే గదా మామ్మా. ఊరికినే ఎవులు పేరెడతారు?" అన్నాడు.

వాదించే ఓపిక నాకు లేదు... అందుకే మన ఊరి వాట్సాప్ గ్రూపులో ఇక్కడ రాస్తున్నాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు.

మా చిన్నప్పుడు... బడి అంటే ఊరి కళ్లం పక్కన తాటాకు పాక. కళ్లం అందరిదీ. నూర్పుల రోజుల్లో పొట్టు ఎగిరొచ్చి మా పలకల మీద పడేది. ఆ జాగా ఒకరు ఇచ్చింది కాదు... పాక వేసుకుంటే ఎవరూ వద్దనలేదు, అంతే.

మాస్టారు రాజాం వైపు నుంచి నడిచి వచ్చారని మా నాయనమ్మ చెప్పేది. ఇది విన్నది. మిగతాది నేను చూసింది. సన్నగా పొడుగ్గా ఉండేవారు. ఉన్న ఒక్క చొక్కా ఉతికి, ఆరేదాకా తువ్వాలు కప్పుకుని పాఠం చెప్పేవారు. అప్పటికింకా అది సర్కారు బడి కాదు. జీతం లేదు. రోజుకొక ఇల్లు వంతు వేసుకుని ఆయనకు అన్నం పెట్టేది. ఎవరి వంతు రోజున వాళ్ల ఇంట్లోనే తినాలి. వేరే ఇంట్లో తింటే వంతు ఇంటికి తలవంపులు.

ఒకసారి మా వంతు వచ్చింది. నాయనమ్మ ఆవపెట్టి పనసపొట్టు కూర వండింది. పీట వేసి కంచంలో వడ్డించింది. నేను చంటి తమ్ముణ్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. మాస్టారు కూర్చున్నారు... నన్ను చూశారు... లేచి నిలబడ్డారు.

"ఏటి బాబూ, కంచం కాడి నుంచి లెగిసిపోతన్నావు? కూరలో ఉప్పెక్కువైనాదేటి?" అంది నాయనమ్మ.

"కూర వాసన బాగానే ఉన్నాదమ్మా. నీ మనవరాలు బడికి రావట్లేదు గదా. సదువు సెప్పని ఇంటి కూడు నానెలాగ తింతాను?"

"ఆడపిల్లకి సదువేటి బాబూ? అది బడికొస్తే ఈ సంటోణ్ని ఎవులెత్తుకుంతారు? నువ్వెత్తుకుంతావేటి?"

"తెమ్మను. ఎత్తుకుంతాను."

అంతే. కుండలో నీళ్లు ముంచుకుని తాగి వెళ్లిపోయారు. కోపంగా కూడా కాదు... అలసిపోయిన మనిషి నడిచినట్టు నడుచుకుంటూ. రాత్రికీ రాలేదు. వేరే ఇంటికీ వెళ్లలేదు.

మర్నాడు నూతి దగ్గర ఒకావిడ నవ్వుతూ అడిగింది. "ఏటే ముసిలీ, పంతులు పస్తు లెగిసిపోనాడట. ఏటెట్టినావేటి, మీ గేదె కుడితా?"

నాయనమ్మ బిందె సగమే నింపుకుని ఇంటికి వచ్చేసింది. ఆ కూర మేమెవరమూ సరిగా తినలేకపోయాం. మళ్లీ మా వంతు వచ్చింది. మళ్లీ అదే... పీట, కంచం, చల్లారిన అన్నం. ఈసారి నాయనమ్మ ఆయన వెనకాలే వీధిలోకి వెళ్లి చూసి వచ్చింది, ఎక్కడైనా తింటాడేమోనని. తినలేదు.

"పోవే బడికి. ఆ సంటోణ్ని కూడా ఎత్తుకుపో. ఆయన పస్తు పాపం నా నెత్తిమీదెందుకు" అంది.

అలా నేను బడికి వెళ్లాను. నాలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు, ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క చంటిపిల్ల. మాస్టారు పాక దూలానికి ఇనుప కొక్కేలు కొట్టించి పాత చీరలతో ఉయ్యాలలు కట్టించారు. ఒక ఉయ్యాల తాడు తన కాలి బొటనవేలికి చుట్టుకుని, ఊపుతూ ఎక్కాలు చెప్పేవారు. ఎక్కం ఆపితే పిల్లలు లేచి ఏడ్చేవారు... అందుకని ఆపేవాళ్లం కాదు. మా తమ్ముడికి ఇంటి దగ్గర జోలపాట పాడితే నిద్ర వచ్చేది కాదు. నేను రెండో ఎక్కం అందుకోవాల్సిందే.

తర్వాత సర్కారు బడి అయింది. మాస్టారికి జీతం వచ్చింది, వంతులు ఆగాయి. పెంకుల బడి కట్టినప్పుడు పాత దూలాన్నే ఎక్కించారు. ఆయన పోయాక ఊరు పెద్దగా ఆలోచించకుండానే ఆయన పేరు పెట్టుకుంది. ఎందుకు పెట్టుకున్నామో ఎవరూ రాసిపెట్టలేదు. అందరికీ తెలుసు కదా అనుకున్నాం... ఆ అందరూ ఇప్పుడు లేరు.

ఇప్పుడు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. మంచిదే. మా రోజుల్లో పిల్లలు బడికి రావాలని మాస్టారు అన్నం మానేశారు. అటువంటి మనిషిని స్థలమిచ్చిన దాతగా రాస్తే, ఆయన మా ఇళ్లలో చేసినదంతా పోతుంది. ఆయన మా ఊళ్లో తిన్న మనిషి. తినకుండా లేచిన మనిషి.

ఇక జరగవలసినవి:

1. రాయి మీద 'స్థలదాత' అన్న మాట తీసేయాలి. 'ఈ బడి మొదటి పంతులు' అని ఉంటే చాలు.

2. శ్లాబు వేసినప్పుడు తీసిన పాత దూలం బడి వెనకాల వానకు తడుస్తోంది. దాన్ని కట్టెల కింద కొట్టకూడదు. కొక్కేలు పీకకూడదు. అవెందుకని పిల్లలు అడుగుతారు... అడిగినప్పుడు చెప్పండి.

3. నా ఒక్కదాని మాట గణేష్‌కు ఆనలేదు. మీ ఇళ్లలో ఆ రోజుల వాళ్లెవరైనా ఉంటే బుధవారం లోపల అడగండి, మీ ఇంట్లో మాస్టారు ఏ పిల్ల కోసం కంచం ముందు నుంచి లేచారో. ఆ పిల్ల పేరు ఇక్కడ కింద రాయండి. మా ఇంట్లో నా కోసం లేచారు.