పగలని పలకలు

మా బాబాయి గోడల పగుళ్ళలో నిపుణుడు. నవ్వకండి, అదీ ఒక చదువే. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక అతికించి, పక్కన తేదీ వేస్తాడు. పలక పగిలితే గోడ కదులుతున్నట్టు, పగలకపోతే నిశ్చింత. ఆయన సంతకం చూసి జనం భవనాలకు భవనాలే ఖాళీ చేసేవారు.

సొంత ఇంట్లోనూ ఏడు పలకలు అతికించాడు. పదేళ్ళలో ఒక్కటీ చిట్లలేదు.

పిన్నికి మాత్రం ఆ ఇంట్లో కంటిమీద కునుకుండేది కాదు. "తూర్పు గదిలోంచి ఎవరో కొంగు పట్టి లాగుతున్నట్టుందే" అనేది నాతో. నేల కింద మూలుగు వినిపిస్తోందనేది. పళ్ళెంలో నీళ్ళు ఒక పక్కకే చేరుతున్నాయని చూపిస్తే, "నీ చెయ్యి వణుకుతోంది" అన్నాడు బాబాయి. ఆవిణ్ణి చెవుల డాక్టరుకు చూపించాడు, తర్వాత కళ్ళకు, ఆ తర్వాత నరాలకు. ఎవరికి వాళ్ళు తమ వాటాకొచ్చిన అవయవం భేషుగ్గా ఉందని రాసిచ్చారు. ఇక మిగిలింది మనసే కదా! మనసు డాక్టరు ఆస్పత్రిలో చేర్చమన్నాడు.

"ఒక్కసారి ఇల్లు చూడండీ" అని బతిమాలింది పిన్ని.

"పలకలు పగిలాయా? లేదుగా! మరి?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, పెళ్ళాం మాటా అంతే.

ఆస్పత్రికి బయల్దేరాల్సిన పొద్దున నేను వెళ్ళేసరికి, పిన్ని స్టూలెక్కి పడమటి గోడకు లోపలివైపు పైఅంచున మేకు కొట్టి, తాడుకు ఇనప గుండు కట్టి వేలాడదీసింది. పైన గోడను ఆనుకున్న తాడు, కింద గోడకు నాలుగు వేళ్ళ దూరంలో నిలబడింది. బాబాయి చూశాడు. వేళ్ళు పెట్టి ఆ దూరం మళ్ళీ కొలిచాడు. ఇల్లు మొత్తం ఒకే ముక్కగా తూర్పుకు ఒరుగుతోంది. ముక్కలుగా కదిలితేగా పలకలు పగిలేది!

"పద, బయటికి పద!" అని అరిచాడు.

పిన్ని కదల్లేదు. ఆస్పత్రికి సర్దిన పెట్టె మీద కూర్చుంది.

"నాకు పిచ్చి లేదని రాసివ్వండి. సంతకం పెట్టి."

"ఇప్పుడా? ఇదేం చోద్యమే!"

"ఇప్పుడే."

నేల కింద మూలుగు ఈసారి నాకూ వినిపించింది. బాబాయి నిలబడే గబగబా రాశాడు. పిన్ని కళ్ళజోడు తుడుచుకుని, తొందరేమీ లేనట్టు చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆ కాగితం చేతికొచ్చేదాకా, తనకు పిచ్చి లేదన్న నమ్మకం ఆవిడకే లేదు.