గంజి పూసిన రంగుకాగితం

పద్నాలుగేళ్ళు దూది దుమ్ములో నిలబడ్డాక శేషప్ప 1979లో మంచం పట్టాడు. ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లు అతని ఊపిరితిత్తులను అంతకాలం వాడుకుంది. పది అడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకోవాలి. మాట మధ్యలో దగ్గు వస్తే ఆ మాట ఇక పూర్తయ్యేది కాదు. యజమాని అది బీడీల దగ్గు అన్నాడు. శేషప్ప జన్మలో బీడీ ముట్టలేదు.

అతని భార్య లింగమ్మ అదే మిల్లులో పత్తిలోంచి పుల్లా పుడకా ఏరే పని చేసేది. మొగుడికి వైద్యం చేయించమని ఆమె గేటు ముందు నాలుగు రోజులు కూర్చుంది. అయిదో రోజు ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఊళ్ళో ఏ మిల్లుకు వెళ్ళినా పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపారు. కూలివాళ్ళు సంఘం పెట్టుకుంటే నేరమయ్యే ఊరది. యజమానులకు మాత్రం ఏ సంఘమూ అక్కర్లేదు, వాళ్ళ మాట ఎప్పుడూ ఒకటే.

రెండేళ్ళు ఆమె దొరికిన పనల్లా చేసింది. మండీల్లో మిరపకాయల తొడిమలు తీసింది, పెద్దకడుబూరు చేలల్లో శెనక్కాయలు పీకింది. పొద్దున్నే ఇంద్రసేనయ్య గుడ్డల అంగడి ఊడ్చేది. 1981 ఎండాకాలంలో మిల్లు మేస్త్రీ కేశవులు ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగి, శేషప్ప ఎట్లున్నాడని అడిగి, ఆ తర్వాత వచ్చిన పని చెప్పాడు.

"నిన్ను రానీరు గానీ లింగమ్మక్కా, నీ కూతుర్ని తీసుకుంటారు. దీపావళి పోతానే సీజను. చిన్న చేతులు బిరబిరా ఏరతాయి."

కూతురు గౌరమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు, ఏడు పాసై ఎనిమిదికి పోవాలి. చిన్న చేతులకు సగం కూలే ఇస్తారన్న సంగతి కేశవులు చెప్పలేదు. అది ఊరందరికీ తెలుసు.

లింగమ్మ మంచం వైపు చూసింది. శ్రావణం పోనీ అన్నా, అప్పుడు చెప్తానని పంపేసింది. ఆమె అడిగిన గడువు ఊరికే అడిగింది కాదు. ఆమెకు అప్పటికే ఒక దారి దొరికింది.

అంతకుముందు మా వైపు పెళ్ళిళ్ళలో చదివింపుల చీరనైనా చెంబునైనా పళ్ళెంలో పెట్టి నలుగురికీ కనబడేలా ఇచ్చేవాళ్ళు. ఆ రోజుల్లోనే లోపల ఏముందో తెలియకుండా పూల కాగితంలో చుట్టి ఇవ్వడం కొత్త మర్యాద అయింది. ఆ కాగితం మద్రాసు నుంచి రావాలి, వచ్చేసరికి సగం చినిగిపోయి ఉండేది. ఒకరోజు ఇంద్రసేనయ్య అంగట్లో కూర్చుని ఇదే విసుక్కుంటుంటే, పొరక కింద పెట్టి లింగమ్మ ఆ కాగితం నేను చేస్తానంది. ఆయన నవ్వాడు. చేసి చూపించమన్నాడు.

లింగమ్మది ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట పుట్టింది. చిన్నప్పుడు ఆ వీధి ఆడపిల్లలు జాతరకు ఇల్లు అలంకరించడానికి వాళ్ళకు వాళ్ళే రంగుకాగితాలు చేసుకునేవాళ్ళు. పద్ధతి సులువు. తెల్ల కాగితాన్ని మధ్యకు మడవాలి. తెగిన నూలుపోగును రంగులో ముంచి, మడత లోపల మెలికలుగా పరవాలి. పైన పీట పెట్టి చేత్తో అదిమి పట్టుకుని, పోగు కొసను మెల్లగా బయటికి లాగాలి. మడత విప్పితే రెండు వైపులా నెమలీక విచ్చుకున్నట్టు బొమ్మ పడుతుంది. ఒక బొమ్మలా ఇంకొకటి ఉండదు. మధ్య ఖాళీల్లో బెండకాయ మొదలు కోసి రంగులో అద్ది ఒత్తితే పువ్వు.

రంగు పక్కింటి కుల్సుంబీ ఇచ్చింది. ఆమె ఇంట్లో నూలుకు రంగులేస్తారు. కాగులో అడుగున మిగిలింది పారబోయకుండా లింగమ్మ కోసం దాచిపెట్టేది. ఇంతకూ ఆ కాగితానికి అందం తెచ్చింది రంగు కాదు, గంజి. పడుగుకు గంజి పెట్టే కుంచె ఒకటి పుట్టింటి నుంచి తెచ్చుకుంది లింగమ్మ. బొమ్మ ఆరాక దానితో పలచగా గంజి పూసి, మళ్ళీ ఆరబెట్టి, సీసా అడుగుతో రుద్దేది. కాగితం బిర్రుగా, గాజులా మెరిసేది. మద్రాసు కాగితం దీని ముందు చాలదని ఇంద్రసేనయ్యే అన్నాడు.

వైశాఖం పెళ్ళిళ్ళకు నలభై కాగితాలు చేసిచ్చింది. పొద్దున చుట్టిన చీర సాయంత్రానికి పెళ్ళి పందిట్లో ఉండేది. అందరికీ నచ్చింది. ఇది చేసిందెవరని ఒక డాక్టరు భార్య అడిగిందట. వచ్చే శ్రావణానికి మూడు వందలు కావాలని ఇంద్రసేనయ్య అచ్చాఫీసు నుంచి తెల్ల కాగితం తెప్పించి ఇచ్చాడు. అవి బాగుంటే ఏడాది పొడుగునా ఆమెకే పని అన్నాడు. ఆ పని ఉంటే గౌరమ్మ బడికి పోతుంది. లింగమ్మ కోరుకున్నది ఆ ఒక్కటే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మగ్గాల ఇళ్ళలో గంజి కాచేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. నీలంగా మెరిసే ఆ గడ్డ విషం. అది ఉంటే గంజి పెట్టిన నూలును పురుగు ముట్టదు, ఎలుక కొరకదు. లింగమ్మకు ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు. కానీ ఆమె ఇంట్లో ఉన్నది ఒకే ఒక సత్తు గిన్నె. పొద్దున అందులో గంజి కాచేది. కడిగి మధ్యాహ్నం అందులోనే జొన్నసంగటి కెలికేది. ఒక మట్టికుండ తెచ్చుకుంటే మూడోరోజుకే అడుగు పగిలింది. కుల్సుంబీ ఇంట్లో గిన్నె లేక కాదు, కానీ విషం కాయడానికి పక్కింటివాళ్ళ గిన్నె ఎట్లా అడుగుతాం? మైలుతుత్తం లేకుండానే నలభై కాగితాలు బాగున్నాయి కదా అనుకుంది. అయినా నూలుకు పెట్టే గంజి నాలుగు రోజుల మాట. నేసి ఉతికితే పోతుంది. గంజి పెట్టిన సరుకును ఎవరూ నెలల తరబడి దాచరు. ఆమెకు తెలిసిన లోకంలో దాచరు.

జ్యేష్ఠమంతా తల్లీ కూతురూ కలిసి చేశారు. ఇంట్లో దండెం మీద, మంచం కోళ్ళ మీద, శేషప్ప పొట్ట మీద కూడా కాగితాలు ఆరాయి. కదిలితే మడత పడుతుందని ఆయన దగ్గు ఆపుకునేవాడు. ఆపుకోలేనప్పుడు రెండు చేతులతో కాగితం ఎత్తి పట్టుకుని దగ్గేవాడు. గౌరమ్మ నవ్వేది. ఆ నెల ఆ ఇంట్లో నవ్వు వినబడిందని కుల్సుంబీ తర్వాత చాలాసార్లు చెప్పింది.

మూడు వందలూ ఆషాఢం ముందే అంగడికి చేరాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. బేరాలు లేక గుమాస్తాలు ఈగలు తోలుకుంటుంటే, ఇంద్రసేనయ్య వాళ్ళను కూర్చోబెట్టి శ్రావణానికి అమ్మాల్సిన పట్టుచీరలన్నీ ముందే కాగితాల్లో చుట్టించి, వెనక గదిలో వరసగా పేర్చించాడు. బయట వాన. గదిలో చీకటి, చెమ్మ. నెల రోజులు.

శ్రావణం మొదటి వారం ఆ గది తీసినప్పుడు లింగమ్మ అంగడి ఊడుస్తోంది. లోపల ఎవరో అయ్యో అన్నారు. గుమాస్తా ఒకడు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాగితంలో గంజి ఉన్నంత మేరా ఎలుకలు కొరికి తినేశాయి. కాగితంతో ఆగలేదు. ముప్పై నాలుగు పట్టుచీరలు, మడత మడతకూ చిల్లులు. మిగిలిన వాటి మీద బొద్దింకలు పాకుతున్నాయి.

లింగమ్మ అబద్ధం ఆడి ఉండొచ్చు. గది చెమ్మదంటే సరిపోయేది, తెల్ల కాగితం అంగడివాళ్ళు తెప్పించిందేనంటే సరిపోయేది. ఆమె నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గంజిలో మైలుతుత్తం కలపాల్సి ఉంది, కలపలేదు.

"ఎందుకు కలపల్యా?" ఇంద్రసేనయ్య అడిగాడు.

"ఒకే గిన్నె సామీ. దాంట్లోనే సంగటి."

ఆయన కోపగించుకోలేదు. చీరల వెల అడగలేదు. నిజంగానే బాధపడుతూ ఒక మాట అన్నాడు.

"ఒక గిన్నె అడిగింటే నేను ఇచ్చింటి కదమ్మా."

ఆయన చెడ్డవాడు కాదు. అడిగి ఉంటే ఇచ్చేవాడే. కానీ ఇవ్వగలిగినవాళ్ళు ఈ మాట ఎప్పుడూ అంతా అయిపోయాకే అంటారు. మూడు వందల కాగితాలకు గంజి ఎందులో కాస్తున్నావని ముందుగా అడగాలని ఎవరికీ తోచదు. అడగనందుకు తప్పు మాత్రం లేనివాళ్ళదే అవుతుంది.

మరుసటి రోజు నుంచి ఊడవడానికి కూడా రావద్దని గుమాస్తా చేత చెప్పించాడు. ఆమెను చూస్తే చీరలు గుర్తొస్తున్నాయట.

ఆ వారమే లింగమ్మ అంగట్లో మైలుతుత్తం గడ్డ కొనుక్కొచ్చి ఆ సత్తు గిన్నెలోనే వేసింది. శేషప్ప వద్దన్నాడు. సంగటి దేంట్లో కెలుకుతావన్నాడు. ఆమె వినలేదు. ఆ పూట నుంచి కుల్సుంబీ తన ఇంట్లో వండినదాంట్లోంచే వీళ్ళకు పెట్టింది, ఎన్నాళ్ళని అడగకుండా. పన్నెండు కాగితాలు తయారయ్యాయి. తెల్ల భాగంలో లేత పచ్చదనం వచ్చింది, అంతే. ఒకదాన్ని ఇంటి చూరులో ఎలుక తిరిగే చోట పదిహేను రోజులు పెట్టి చూసింది. ఒక్క పంటి గాటు పడలేదు.

వాటిని చుట్ట చుట్టుకుని ఇంద్రసేనయ్య అంగడికి పోతే అక్కడ మద్రాసు కాగితం కొత్త చుట్టలు దిగి ఉన్నాయి. ఆయన ఒకటి విప్పి, వేళ్ళతో నిమిరి, బాగా చేసినావన్నాడు. మళ్ళీ చుట్టి ఆమె చేతికే ఇచ్చాడు.

ఎమ్మిగనూరుకు బస్సెక్కింది. పుట్టిన ఊరు, తెలిసిన వీధులు. మొదటి అంగట్లో కాగితం చేతికి తీసుకోకుండానే ఒకాయన అడిగాడు. "ఆదోనిలో పట్టుచీరలు తిన్న ఎలకల కాగితం నీదేనామ్మా?" పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. రెండో అంగట్లో పేరు కూడా చెప్పనివ్వలేదు. మూడో అంగడి ఆయన ఆమె తండ్రిని ఎరిగినవాడు, కూర్చోబెట్టి టీ తాగించాడు. చేసిన తప్పు సరిదిద్దినానప్పా, చూరులో పెట్టి చూసినానని ఆమె చెబితే ఆయన నేల చూపులు చూశాడు.

"నువ్వు సరిజేసినావు తల్లీ. పేరును ఎట్ల సరిజేస్తావు?"

సరుకు చెడితే అంగడికి ఒక సీజను పోతుంది. వచ్చే సీజనుకు మళ్ళీ బోర్డు కడిగి బేరం మొదలుపెడతారు. పని చేసే చేతులకు ఆ వెసులుబాటు లేదు.

గౌరమ్మ దసరా సెలవుల దాకా బడికి పోయింది. సెలవులయ్యాక పుస్తకాల సంచి ఎత్తుకోలేదు. తల్లి ఏమీ చెప్పకముందే, కుల్సుంబీ పెట్టిన గిన్నెలు తోముతూ ఆ పిల్లే అడిగింది. "కేశవులు మామ మళ్ళా ఎప్పుడొస్తాడమ్మా?" శేషప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజంతా మళ్ళీ ఇటు తిరగలేదు.

దీపావళి అయిన నాలుగో నాడు పొద్దున తల్లీ కూతుళ్ళు మిల్లు గేటు దగ్గర నిలబడ్డారు. గౌరమ్మ వయసు పిల్లలు ఇంకా అయిదారుగురు ఉన్నారు, వాళ్ళ తల్లులతో. కావలివాడు లింగమ్మను గుర్తుపట్టి చేయి అడ్డం పెట్టాడు. లోపలికి పోవడానికి రాలేదని ఆమె చెప్పింది.

కేశవులు బయటికి వచ్చాడు. పిల్ల చేతులు తిప్పి చూశాడు, దగ్గు ఉందా అని అడిగాడు. తర్వాత ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. పద్నాలుగు నిండనోళ్ళను పెట్టుకోకూడదని చట్టం. ఎవరన్నా ఆఫీసరు వస్తే అడుగుతాడు. ఇప్పుడు లోపలి గుమాస్తా కూడా అడుగుతాడు, పిల్ల నోట కాదు, తల్లి నోట రావాలి.

గుమాస్తా కిటికీలోంచి తల ఎత్తకుండా అడిగాడు. "వయసు?"

గౌరమ్మ తల్లి ముఖంలోకి చూసింది.

ముప్పై నాలుగు చీరల ముందు నిలబడి నిజం చెప్పిన మనిషి లింగమ్మ. ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది. "పదహైదు" అంది.

గుమాస్తా తల ఎత్తి పిల్లను ఒకసారి, తల్లిని ఒకసారి చూశాడు. వాళ్ళు ఇట్లా చూసి రాసుకుంటారు కాబట్టే ఆ మిల్లులు నడుస్తున్నాయి. లోపలికి పొమ్మని పిల్లకు చేయి చూపించి, తర్వాతి తల్లిని రమ్మన్నాడు.