తెరచాప పడవలో రాడార్‌కి చోటు

మా అన్నయ్యది నౌక, నాది నౌకరీ. నేవీలో రాడార్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక అన్నయ్య ఢిల్లీలోనే ఒక కంపెనీలో చేరాడు. ఆదివారాలు సరోజినీ నగర్‌లో మా క్వార్టర్‌కి వదినతో వచ్చేవాడు. తొంభైల మధ్యలో సంగతి. తనతోపాటు రిటైరైన ఇద్దరు స్నేహితులు కాకినాడలో చిన్న తెరచాప పడవ కట్టిస్తున్నారు. ముగ్గురూ కలిసి అండమాన్ వెళ్లాలని ఒప్పందం. రాడార్ ఎక్కడ బిగించాలో తేల్చి బొమ్మ పంపే పని అన్నయ్యది.

ఉన్నవి రెండే చోట్లు. తెరచాప స్తంభం మీద ఎత్తున పెడితే దూరపు ఓడలు ముందే కనిపిస్తాయి. పడవ వెనక అంచున ఒక గొట్టం నిలబెట్టి దాని మీద పెడితే అంత దూరం అందదు గానీ, చెడిపోతే డెక్కు మీద నిలబడే విప్పచ్చు.

అన్నయ్య గొట్టమే గీశాడు. సముద్రం ఉప్పగా ఉంటుందన్నది తప్ప నాకేమీ తెలియదు. అయినా మేడమీద టీవీ యాంటెన్నా ఎత్తిన ప్రతి గుమాస్తాలాగే, ఎత్తు విషయంలో నేను పండితుణ్ణి.

"ఎత్తున పెడితేనే కదా బొమ్మ బాగా వచ్చేది."

"ఇది ఆదివారం సినిమా కాదురా."

"పోనీ మేడెక్కి చూద్దాం పద."

నీళ్ల ట్యాంకు నిచ్చెన మూడో మెట్టు మీద అన్నయ్య ఆగిపోయాడు. రెండు చేతులతో కడ్డీని పట్టుకున్నాడు.

"ఏం కనిపిస్తోంది?" అన్నాను కిందనుంచి.

"కింది ఇంటి ఆంటీ ఆరేసిన వడియాలు."

మెల్లగా దిగి, పిట్టగోడకి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

"చూశావా, మూడు మెట్లకే ఎంత తేడానో."

"అవును. చాలా తేడా."

అన్నయ్య మొహం కడుక్కోడానికి వెళ్లినప్పుడు వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. చెప్పాల్సింది తిన్నగా చెప్పే మనిషి.

"చెవి లోపల దెబ్బతింది బాబూ. ఎనిమిది నెలలైంది. ఎత్తెక్కితే కళ్లు తిరుగుతాయి. డెక్కు మీద పర్లేదన్నారు డాక్టర్‌గారు. ఆ పడవలో ముగ్గురికే చోటు, రాడార్ విప్పడం వచ్చింది ఈయనొక్కరికే. గొట్టం మీదుంటే వెళ్లగలరు. స్తంభం మీద పెడితే ఎక్కలేరు. మరి ఎక్కలేని మెకానిక్‌ని ఎవరు తీసుకెళ్తారు?"

నేను ముందు గదిలోకి వెళ్లేసరికి అన్నయ్య అప్పటికే గొట్టాన్ని రబ్బరుతో చెరిపేస్తున్నాడు.

"గొట్టమే బాగుంది అన్నయ్యా. బాగుచెయ్యడం తేలిక."

"మాట మార్చకు. నువ్వన్నదే రైటు. నా సుఖం కోసం వాళ్లిద్దరికీ చూపు తగ్గిస్తానా?" కాగితం మీది రబ్బరు పొడి ఊదేసి అన్నాడు, "మీ వదిన చెప్పేసిందన్నమాట."

నేను తల దించుకున్నాను. నేను నోరు మూసుకుని ఉంటే గొట్టమే ఉండేదేమో.

"నీ దస్తూరి బాగుంటుంది, నువ్వు రాయి" అని తెల్ల కాగితం నా ముందుకి తోశాడు. స్తంభం మీద ఎంత ఎత్తున బిగించాలో, తెరచాప రాసుకోకుండా ఏ అడ్డు పెట్టాలో, తీగ ఎటునుంచి దింపాలో చెప్పాడు. రాశాను. చివర, స్తంభం ఎక్కగల మెకానిక్ విశాఖలో ఒకతనున్నాడని, తన బదులు అతన్ని అడగమని చెప్పాడు. అదీ రాశాను. అన్నయ్య కాగితం తీసుకుని మొత్తం చదివి, ఎత్తు దగ్గర నేను తప్పు వేసిన ఒక అంకె దిద్ది, కింద సంతకం పెట్టాడు.