ఎనిమిది కాదు, పదహారు

వీట్స్కెను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తరం ఆమె ఇంట్లో మరుగుదొడ్డి గోడకు వేలాడుతూ ఉంటుంది. మా డెవెంటర్ ఊళ్ళో ఎవరింట్లోనైనా ఆ గోడకు పుట్టినరోజుల క్యాలెండర్ ఉంటుంది. ఆమె దాని పక్కనే, సరిగ్గా కూర్చున్నవాళ్ళ కళ్ళకు ఎదురుగా, ఉత్తరానికి అద్దం కట్టించి తగిలించింది. "సిబ్బంది మణికట్టు పట్టీ కట్టుకోనందున, చేతిలోని స్థిర విద్యుత్తు తగిలి ఇరవై నాలుగు ర్యామ్ స్టిక్కులు పాడైనవి" అని ఉంటుంది అందులో. కింద హార్మెన్ ఓల్ట్‌హోఫ్ సంతకం.

అందులో ఒక్క ముక్క నిజం లేదు. పదకొండేళ్ళ క్రితం ఆమె హార్మెన్ కంప్యూటర్ దుకాణంలో పనిచేసేది. ఒక బడివాళ్ళు తమ పాత కంప్యూటర్లు మరీ నత్తనడక నడుస్తున్నాయనీ, కాస్త మెమరీ పెంచమనీ అడిగారు. హార్మెన్ ఎక్కడో చవగ్గా దొరికిందని ఒక పెట్టెడు స్టిక్కులు తెచ్చాడు. వీట్స్కె ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి వద్దండీ. వీటికి ఎనిమిదే చిప్‌లున్నాయి. ఆ పాత బోర్డులకు పదహారున్నవి కావాలి. ఒక్కో చిప్‌లో ఇంతింత కుక్కేస్తే అవి చదవలేవు."

"ఇది నాలుగు జీబీయా, కాదా?"

"నాలుగే."

"గాడిలో పడుతుందా, లేదా?"

"పడుతుంది, కానీ..."

"మరి ఇంకేం? బిగించు."

బిగించింది. ఇరవై నాలుగు తెరలూ నల్లగానే ఉండిపోయాయి. బడివాళ్ళు వచ్చి నిలదీస్తే హార్మెన్ ఆమె చేతుల వైపు చూపించాడు. ఆ రోజు ఆమె పట్టీ కట్టుకునే ఉంది. దాని ముద్ర సాయంత్రం దాకా మణికట్టు మీద ఉందట. ఎవరు చూస్తారు? ఊళ్ళో ఇంకెవరూ ఆమెకు కంప్యూటర్ పని ఇవ్వలేదు. ఆసుపత్రి లాండ్రీలో చేరి దుప్పట్లు మడతపెట్టింది. హార్మెన్ మాత్రం మంచు మీద జారే స్కేటింగ్ క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు. నిజం చెప్పినవాళ్ళకు దుప్పట్లు, అబద్ధం చెప్పినవాడికి అధ్యక్ష పీఠం. లోకం నడిచే తీరు మీద నాకు మొదటినుంచీ పెద్ద నమ్మకం లేదు కనుక ఇది విని ఆశ్చర్యపోలేదు.

శనివారాల్లో మా పేటలోని హాల్లో పాడైన వస్తువులు ఉచితంగా బాగుచేస్తాం. నాది దీపాలు, టోస్టర్ల బల్ల. పక్క బల్ల వీట్స్కెది. అక్కడ చాకొలెట్ పలుకుల ఖాళీ డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. మేము పొద్దున్నే రొట్టె మీద చల్లుకునే పలుకులు అవి. ఆమె స్టిక్కుల్ని వెండిరంగు సంచుల్లో పెట్టి, రకాన్ని బట్టి ఒక్కో డబ్బాలో దాస్తుంది. అందుకే ఈ ఊళ్ళో బాగుపడిన ప్రతి పాత కంప్యూటరూ కొంచెం చాకొలెట్ వాసన వేస్తుంది.

"నాది వెండిరంగు ల్యాప్‌టాప్, చాలా మంచిది" అంటూ మొదలుపెడతారు వచ్చినవాళ్ళు.

"రంగు నాకెందుకమ్మా? మూత విప్పి లోపలున్న పాత స్టిక్కు చూపించు."

చిన్నదా పెద్దదా, గాడి ఎక్కడుంది, చీటీ మీద ఏముంది, చిప్‌లెన్ని, ఆ బోర్డు ఎంతవరకు మోయగలదు, ఇవన్నీ చూశాకే ఆమె చెయ్యి డబ్బా మీదికి వెళుతుంది. ఎక్కువ కావాలని మారాం చేసేవాళ్ళకు ఒకటే జవాబు: "ఇది ఎనిమిది జీబీలకు మించి మింగదు. పదహారు పెడితే మిగతాది అలంకారం."

ఒకసారి అడిగాను, ఆ దిక్కుమాలిన ఉత్తరం ఇంకా ఎందుకు ఉంచుకున్నావని.

"తప్పు స్టిక్కులది, నా చేతులది కాదు. ఆ మాట ఆయన నోటితో వినాలి అబ్బాయ్. అందాకా అది అక్కడే ఉంటుంది."

పోయిన ఫిబ్రవరిలో ఒక శనివారం, సైకిల్ ముందు పెట్టెలో పాత కంప్యూటర్ పెట్టుకుని సాక్షాత్తూ హార్మెనే వచ్చాడు. డెబ్బై దాటాయి. ఎదురుగా వీట్స్కెను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ కాఫీ పోసే టోనీ అప్పటికే అతని పేరు రాసేసి, ఆ బల్ల దగ్గరికే తోశాడు.

"ఏమైంది?" అంది వీట్స్కె, ఎవరితోనైనా అన్నట్టే.

"చచ్చిపోయింది. ఎనభై చలికాలాల లెక్క ఉంది ఇందులో. ఏ ఏడు కాలవ ఎంత మందాన గడ్డకట్టింది, ఎవరు ముందు దిగారు, ఫొటోలు, అన్నీ. వచ్చే శనివారం క్లబ్బు పండగ. ఫొటోలు నెమ్మదిగా వస్తున్నాయని కొత్త ర్యామ్ కొని పెట్టాను. అంతే, తెర నలుపు."

"పాత స్టిక్కులేవి?"

"పారేశాను. నేనే చంపాను దీన్ని. ఉన్ని స్వెట్టర్ వేసుకుని ముట్టుకున్నాను, పట్టీ కూడా కట్టుకోలేదు. చేతిలో కరెంటు..."

అక్కడ ఆగిపోయాడు. ఎవరితో అంటున్నాడో అప్పటికి గుర్తొచ్చినట్టుంది.

"స్వెట్టర్‌దే తప్పని ఒక ఉత్తరం రాయించి సంతకం తీసుకో వీట్స్కె!" అన్నాను నేను.

"నీ టోస్టర్ చూసుకో, మాడుతోంది" అంది. నిజంగానే మాడుతోంది.

ఆమె మూత విప్పించి, స్టిక్కు తీయించి, అతని అరచేతిలోనే ఉంచింది.

"లెక్కపెట్టు, హార్మెన్."

దుకాణంలో ఎప్పుడూ 'అండీ' లేకుండా అతనితో మాట్లాడని మనిషి ఆమె.

అతను కళ్ళజోడు సర్దుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఎనిమిది."

"వెనక?"

"వెనక ఏమీ లేదు."

ఆమె మూడో డబ్బాలోంచి ఒక స్టిక్కు తీసిచ్చింది. నేనైతే ఆ డబ్బా బల్ల కిందికి తోసి, అయిపోయాయని చెప్పేవాణ్ణి. "ఇప్పుడిది లెక్కపెట్టు."

"...పద్నాలుగు, పదిహేను, పదహారు." చివరికి వచ్చేసరికి అతని గొంతు బాగా తగ్గింది.

"పెట్టు. ఈ హాల్లో ఎవరి వస్తువు వాళ్ళ చేత్తోనే బాగుపడాలి."

"ఈ స్వెట్టర్‌తోనా?"

"విప్పెయ్. ముందు కంప్యూటర్ ఇనప పెట్టె మీద చెయ్యి పెట్టు, చేతిలో కరెంటు దిగిపోతుంది. ఊఁ. ఇప్పుడు నొక్కు."

టక్కున పడింది. మీట నొక్కాడు. తెర నల్లగానే ఉంది. తరవాత ఒక చిన్న కూత వినిపించింది. మరికాసేపటికి తెర మీద గడ్డకట్టిన కాలవ, దాని మీద టోపీలు పెట్టుకున్న పిల్లలు.

ఏదైనా బాగుపడితే టోనీ కాఫీ బల్లకు బిగించిన సైకిల్ గంట మోగిస్తాడు. అతని చెయ్యి గంట మీదికి వెళ్ళింది.

"ఆగు టోనీ," అంది వీట్స్కె. "ఇంకా బాగుపడలేదు."

హార్మెన్ స్వెట్టర్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆ పిల్లల్నే చూశాడు.

"ఆ ఇరవై నాలుగు కూడా ఎనిమిదివే కదా" అన్నాడు చివరికి.

"ఎనిమిదివే."

"నాకు తెలుసు వీట్స్కె. ఆ సాయంత్రమే ఒకటి తీసి కొత్త కంప్యూటర్‌లో పెట్టి చూశాను. చక్కగా పనిచేసింది. స్టిక్కులకు ఏమీ కాలేదు. నీ చేతులకు ఏ పాపమూ తెలియదు. ఆ చెత్త కొన్నవాణ్ణి నేను. బడివాళ్ళ ముందు ఆ మాట చెప్పలేకపోయాను."

నా చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పడింది. తెలిసి కూడానా! అతన్ని ఆ సైకిల్ పెట్టెలోనే కూర్చోబెట్టి కాలవలోకి తోసెయ్యాలనిపించింది. వీట్స్కె మాత్రం తన రెండు చేతుల్నీ ఒకసారి తిప్పి చూసుకుంది, చాలాకాలానికి ఎవరో తిరిగిచ్చిన వస్తువుల్ని చూసుకున్నట్టు.

"నువ్వు రాసిన ఉత్తరం ఎక్కడుందో తెలుసా?"

"ఉంచావా?"

"మా మరుగుదొడ్లో. పదకొండేళ్ళుగా ఊరంతా కూర్చుని తీరిగ్గా చదువుతోంది."

టోనీ చేతిలో కాఫీ తొణికింది. హాలంతా గొల్లుమంది. హార్మెన్ చెవులదాకా ఎర్రబడి, తరవాత తానూ నవ్వేశాడు.

"నేను వచ్చి దాని కింద ఒక వరుస రాయొచ్చా?"

"మంగళవారం పదింటికి రా. కాఫీ ఇస్తాను. బిస్కెట్ ఒకటే."

"ఒకటి చాలు."

"ఇప్పుడు కొట్టు టోనీ."

టోనీ ఆ రోజు గంట మూడుసార్లు కొట్టాడు.

అక్టోబర్‌లో నాకు గ్రోనింగెన్‌లో పని దొరికింది. రైలెక్కే ముందు చెప్పి వెళదామని ఆమె ఇంటికి వెళ్ళాను. వంటింటి బల్ల మీద స్టిక్కులు పరుచుకుని సంచుల్లో పెడుతోంది.

"అయితే ఆ ఉత్తరం తీసేశావా?" అన్నాను.

"ఎందుకు తీస్తాను? ఇప్పుడే కదా అది చదవడానికి బాగుంది! రైల్లో గంటన్నర పైగా కూర్చోవాలి, ఒకసారి మరుగుదొడ్లోకి వెళ్ళిరా అబ్బాయ్. ఈసారి కింది వరుస కూడా చదువు."