ఎదురింటి మామ ఆఖరి త్రో

నా చిన్నప్పుడు, అంటే తొంభైల మొదట్లో, మేము మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలో, ఫ్లాట్లలో ఉండేవాళ్లం. నెమ్మదిగానే చెప్తాను, రాసుకో కన్నా. మా ఎదురింట్లో కడప మామ ఒకాయన ఉండేవాడు. కాగితాల మీద కంపెనీలో స్టోర్ కీపర్. నిజానికి ఆయన్ని తెచ్చుకుంది క్రికెట్ కోసం. శుక్రవారం మ్యాచ్‌ల్లో గెలవడానికి అక్కడి కంపెనీలు ఆటగాళ్లను వీసా ఇచ్చి మరీ రప్పించుకునేవి. మామకి బ్యాటింగ్ అంతంతమాత్రం, బౌలింగ్ అసలే రాదు. బౌండరీ దగ్గర బంతి ఆపి, ఒక్క విసురుతో వికెట్ల మీదికి పంపడం, అదే ఆయన ఉద్యోగం.

ఆ గ్రౌండ్‌లో గడ్డి అన్నమాటే లేదు, అంతా గులకరాళ్లు. మధ్యలో సిమెంటు పిచ్, దాని మీద చాప. అక్కడ ఏళ్ల తరబడి పడి లేచి, విసిరి విసిరి మామ కుడి భుజం పాడైపోయింది. ఆ సంగతి వాళ్లావిడ అత్తకీ, మా ఇంట్లోవాళ్లకీ తప్ప ఎవరికీ తెలీదు. గురువారం సాయంత్రం అత్త ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. అప్పట్నుంచి మ్యాచ్‌లో మామ బంతి ఆపి, దగ్గరున్నవాడికి మెల్లగా అందించేసేవాడు. అదేదో తెలివైన ఆట అనుకునేవారు అందరూ. భుజం సంగతి బయటపడితే వీసా రద్దే. అత్తేమో చంటిబిడ్డతో అప్పుడప్పుడే వచ్చి కాపురం పెట్టింది.

ఆ శుక్రవారం నాన్న నన్నూ తీసుకెళ్లాడు. అత్త బిడ్డనెత్తుకుని మా పక్కనే కూర్చుంది. కంపెనీ పెద్ద మేనేజర్, అందరూ ముదీర్ అనేవారు, ఆయనా వచ్చాడు. ఆట చివరికొచ్చేసరికి ఒక బంతి ఎండలోకి లేచింది. మామ సరిగ్గా దాని కిందికే వెళ్లాడు. చేతుల్లో పడి జారిపోయింది.

"చేతులకి నూనె పూసుకొచ్చినావా భాయ్?" అని ఎవరో అరిచారు.

దగ్గర్లో అందించడానికి ఎవరూ లేరు. మామ వంగి బంతి తీసి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. అది నేరుగా వెళ్లి వికెట్లను పడగొట్టింది. రెండో పరుగుకి వస్తున్న వాళ్ల ఆఖరి బ్యాట్స్‌మన్ అవుట్. మావాళ్లు గెలిచారు. అందరూ మామని ఎత్తుకోవడానికి పరిగెత్తారు. తీరా చూస్తే ఆయన కుడి చెయ్యి వేలాడిపోయింది. నీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు. ముదీర్ దగ్గరికొచ్చి చూసి, కారెక్కి వెళ్లిపోయాడు.

వీసా రద్దయింది. స్టోర్ పనైనా చేసుకుంటానని మామ అడిగితే, ఆ పనికి మనిషి ఉన్నాడన్నారట.

వాళ్లు సామాను సర్దుకుంటున్నప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఆ బాల్ వదిలేసుంటే సరిపోయేది కదా మామా?"

"జారిడిచింది నేనే గదా పాపా. ఇంగెవురు తీస్తారు?" అని నవ్వాడు.

అత్త నవ్వలేదు. "మీకు బాల్ కనపడింది. ఈ బిడ్డ కనపళ్ళేదా?"

మామ ఎడం చేత్తోనే పెట్టెకి తాడు బిగించుకున్నాడు.

ఆ ఇద్దరిలో ఎవరిది సరో నాకిప్పటికీ తేలలేదు కన్నా. నా చేతుల్లోంచి ఏది జారిపోయినా తీయడానికి ముందుగా నేనే లేస్తాను. అది మామ చలవ. లేచాక ఒక్క క్షణం ఆగి ఇంట్లోవాళ్ల మొహాలు చూస్తాను. అది అత్త చలవ. అలా ఆగినందుకు కొన్ని నాకు అందకుండానే పోయాయి. పోనిచ్చాను.